ఇంగ్లీషు పరీక్షలో తెలుగు చెవి

(బాగలూరులో జరిగిన తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదిని పిలిచారు గనుక చట్టం గురించి మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. రాజ్యాంగ అధికరణాల గురించి, 2006 నాటి తమిళ అభ్యసన చట్టం గురించి ఇటువంటి సభలలో ఎన్నోసార్లు మాట్లాడాను. చివరలో ఆ సంగతికి వస్తాను. ఈనాడు మాత్రం ఒక ఇంగ్లీషు వ్యాకరణ ప్రశ్నతో మొదలుపెడతాను. తెలుగు సభలో ఇంగ్లీషు వ్యాకరణమేమిటని ఆశ్చర్యపోకండి. మన ఇళ్లలో పిల్లల చేత తెలుగు మాన్పించడానికి చెప్పే మొదటి కారణం ఇంగ్లీషే. కాబట్టి ఆ ఇంగ్లీషు దగ్గరకే వెళ్లి ఈ లెక్క తేల్చుకుందాం.

మా ఇంటి సంగతి

మా అన్న కూతురు డిగ్రీ ముగించి, కేంద్రప్రభుత్వ ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జరిపే పరీక్ష రాసింది. దాని తొలి దశలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 2 మార్కులు. జవాబు తప్పితే వచ్చిన మార్కులలోంచి అర మార్కు కోత. అంటే ఒక్క ప్రశ్న ఒప్పుకూ తప్పుకూ నడుమ తేడా రెండున్నర మార్కులన్నమాట. మా అమ్మాయికి తక్కువైనవి రెండు మార్కులు.

తన జవాబుల పత్రాన్ని అచ్చు తీయించుకొని వచ్చి నా ముందు పెట్టింది. అందులోని ఒక ప్రశ్నను మాటలు మార్చి, విషయం మార్చకుండా మీకు చెబుతాను. "ద ప్రైస్ ఆఫ్ ద వెజిటబుల్స్ హ్యావ్ రిజన్" అనే వాక్యంలో తప్పున్నదా, లేదా? మా అమ్మాయి లేదని గుర్తు పెట్టింది. ఎందుకని అడిగితే, "వెజిటబుల్స్ అని బహువచనం ఉంది కదా చిన్నాయనా, అందుకే హ్యావ్" అన్నది.

నేను ఆ కాగితాన్ని బోర్లించి, "మొన్న మీ నాయన సంత నుంచి వచ్చి ఏమన్నాడు? కూరగాయల రేటు పెరిగింది అన్నాడా, పెరిగినాయి అన్నాడా?" అని అడిగాను.

"పెరిగింది అనే అన్నాడు. రేటు పెరిగినాయి అని ఎవరన్నా అంటారా?" అని నవ్వింది. నవ్వుతూనే బోర్లించిన కాగితం వైపు చూసి ఆగిపోయింది. "అయితే ప్రైస్ హ్యాజ్ కదా" అని తానే అన్నది. ఆ తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివిన పిల్ల ఆమె. సరైన జవాబు ఆమె నోట్లోనే ఉన్నది. దానిని పరీక్షలో వాడుకోవచ్చునని చెప్పినవారు లేరు. చెప్పకపోగా ఆ బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసేవారు. ఆ బడిలో చేర్పించమని మా అన్నకు సలహా ఇచ్చినవాణ్ణి నేనే. అప్పుడే నల్లకోటు తొడుక్కున్న రోజులవి. "తెలుగుబడిలో ఉంటే ఇంగ్లీషు అబ్బదన్నా" అని వాదించి ఒప్పించాను. నా జీవితంలో నేను గెలిచి ఉండకూడని వాదం అది. ఈనాడు మీ ముందు నిలబడి మాట్లాడే అర్హత ఏదైనా నాకుంటే, అది ఆ తప్పు నుంచి వచ్చినదే.

పొందిక మనకు కొత్తదా?

కర్తను బట్టి క్రియ మారడాన్ని కర్త–క్రియల పొందిక అందాం. పదో తరగతి పరీక్ష మొదలు బ్యాంకు గుమాస్తా పరీక్ష దాకా ఇంగ్లీషు వ్యాకరణంలో మన పిల్లలు ఎక్కువగా తడబడే చోట్లలో ఇది ఒకటి. అయితే ఇది మనకు తెలియని విద్యా?

తెలుగు క్రియను చూడండి. నేను వచ్చాను, నీవు వచ్చావు, అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, వారు వచ్చారు, అవి వచ్చాయి. కర్త మారినప్పుడల్లా క్రియ తోక మారుతుంది. కర్తను దాచిపెట్టి "వచ్చాయి" అని ఊరుకున్నా, వచ్చినవి మనుషులు కారనీ ఒకటి కంటే ఎక్కువనీ మూడేళ్ల బిడ్డకు తెలిసిపోతుంది. మన సీమలో "ఉండాది", "ఉండాయి" అన్నా అదే పొందిక. యాస మారింది గాని వ్యాకరణం మారలేదు.

ఇంగ్లీషులో ఇటువంటి తోకలు ఒకప్పుడు ఎక్కువగానే ఉండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయి, వర్తమానంలో ఒక్క ఎస్ మాత్రం మిగిలింది. హీ, షీ, ఇట్ అనే ఏకవచన కర్తలకు క్రియ చివర ఎస్ చేరుతుంది. అది కాక యామ్–ఈజ్–ఆర్, వాజ్–వర్, హ్యాజ్–హ్యావ్, డజ్–డూ అనే రూపాలు. ఇంతే. ఆరు తోకలను ఆడుతూ పాడుతూ నేర్చుకున్న బిడ్డ ఒక్క తోక దగ్గర ఓడిపోతున్నాడంటే లోపం బిడ్డలో లేదు, చెప్పిన తీరులో ఉన్నది.

పిల్లలకు తికమక కలిగించేది ఇంకొకటి ఉన్నది. నామవాచకానికి ఎస్ చేరిస్తే బహువచనం, క్రియకు ఎస్ చేరిస్తే ఏకవచనం. "బాయ్స్ ప్లే", "బాయ్ ప్లేస్". ఎస్ అంటే బహువచనమని మొదట బట్టీపట్టిన పిల్లవాడు దానిని క్రియకూ తగిలిస్తాడు. తెలుగులో "పిల్లలు"లోని లు వేరు, "ఆడుతారు"లోని రు వేరు అని అదే పిల్లవాడికి చూపించండి. నామవాచకం తోక ఒకటి, క్రియ తోక మరొకటి అని వెంటనే గ్రహిస్తాడు.

ఒక ఏకవచనానికి "యూ ఆర్" అని బహువచన క్రియ ఎందుకని పిల్లలు అడుగుతారు. ఇంగ్లీషులో వెనుకటికి "దౌ" అనే మాట ఉండేది, మన "నీవు" వంటిది. అది వాడుకలోంచి తొలగిపోయి, బహువచనమైన "యూ" ఒక్కరికీ పలువురికీ నిలిచింది. అంటే వాళ్లు అందరినీ "మీరు" అనే అంటున్నారు. "మీరు ఉన్నారు" అన్నట్టే "యూ ఆర్". ఈ జవాబు తెలుగు తెలిసిన పిల్లవాడికి ఒక్క నిమిషంలో అందుతుంది.

తెలుగు వాక్యం చేసే మేలు

ఇప్పుడు పరీక్షల వారు పన్నే ఉచ్చును చూద్దాం. ఇంగ్లీషులో అసలు కర్త ముందు వస్తుంది, దానిని వివరించే మాటలు తరువాత వస్తాయి. అందువల్ల కర్తకూ క్రియకూ మధ్య వేరే నామవాచకం వచ్చి కూర్చుంటుంది. "ద ప్రైస్ ఆఫ్ ద వెజిటబుల్స్" అన్నప్పుడు క్రియ పక్కన ఉన్నది వెజిటబుల్స్. పిల్లవాడి కన్ను దాని మీదనే పడుతుంది. ప్రశ్న తయారుచేసినవారికి కావలసిందీ అదే.

తెలుగులో ఈ వరుస తిరగబడుతుంది. వివరించే మాటలు ముందు, అసలు కర్త తరువాత. "కూరగాయల ధర పెరిగింది" అన్నప్పుడు క్రియ పక్కన ఉన్నది ధర. దారి తప్పించే "కూరగాయలు" వెనక్కి వెళ్లి, అందులోనూ "కూరగాయల" అని ఆకారం మార్చుకొని, తాను కర్తను కానని చెప్పేస్తుంది. వాక్యాన్ని తెలుగులోకి మార్చుకున్న వెంటనే ఉచ్చు ఊడిపోతుంది.

మన ఊరి సరుకుతోనే మరికొన్ని చూద్దాం. "ఎ బంచ్ ఆఫ్ రోజెస్" తరువాత ఈజ్ రావాలా, ఆర్ రావాలా? గులాబీల కట్ట ఉండాది. కనుక ఈజ్. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" తరువాత లివ్ రావాలా, లివ్స్ రావాలా? నా స్నేహితుల్లో ఒకడు మాలూరులో ఉంటాడు. కనుక లివ్స్. "ద మదర్, అలాంగ్ విత్ హర్ చిల్డ్రన్" తరువాత? పిల్లలతో కలిసి తల్లి సంతకు పోతుంది. తల్లి ఒక్కతే కర్త, కనుక గోస్. "ద బాయ్ హూ ప్లేస్ విత్ మై బ్రదర్స్" తరువాత? మా తమ్ముళ్లతో ఆడే పిల్లవాడు వచ్చాడు. కనుక హ్యాజ్ కమ్.

కోచింగ్ కేంద్రాలలో ప్రత్యేక సూత్రంగా బట్టీపట్టించే జత ఒకటున్నది. "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే ఏకవచనం, "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే బహువచనం. ఏది ఏదో పరీక్ష గదిలో మరచిపోతారు. తెలుగులో చెప్పుకోండి. మొదటిది "విద్యార్థుల సంఖ్య పెరిగింది". రెండవది "ఎంతోమంది విద్యార్థులు వచ్చారు". ఇందులో బట్టీపట్టవలసిందేమీ లేదు.

"దేర్ ఈజ్", "దేర్ ఆర్" అని మొదలయ్యే వాక్యాలలో కర్త క్రియ తరువాత వస్తుంది గనుక పిల్లలు తడబడతారు. "ఊళ్లో రెండు బడులున్నాయి" అనుకుంటే ఆర్ దానంతటదే వస్తుంది. క్యాన్, మస్ట్, షుడ్ వంటి మాటల తరువాత ఎస్ ఎందుకు రాదని అడిగితే, "నేను వెళ్లాలి, ఆమె వెళ్లాలి, వాళ్లు వెళ్లాలి" అని వినిపించండి. మన "వెళ్లాలి"కి తోక మారదు. "షీ మస్ట్ గో"లోనూ మారదు.

తెలుగు దారి తప్పించే చోట్లు

న్యాయస్థానంలో మన పక్షానికి అనుకూలమైన సాక్ష్యాన్నే చూపి, ప్రతికూలమైనదాన్ని దాచితే ఎదుటివారు దానిని బయటపెడతారు. అందుచేత నేనే చెబుతాను. తెలుగు అన్ని చోట్లా సాయపడదు. కొన్ని చోట్ల దారి తప్పిస్తుంది. ఆ చోట్లను కూడా పిల్లలకు తెలుగులోనే చెప్పాలి.

మొదటిది మర్యాద. "మా నాన్నగారు వస్తున్నారు" అంటాం. ఆ చెవితో రాస్తే "మై ఫాదర్ ఆర్ కమింగ్" అవుతుంది. తెలుగు క్రియకు మర్యాద తెలుసు, ఇంగ్లీషు క్రియకు తెలియదు. పెద్దవారి గురించిన వాక్యమైతే, పరీక్ష వరకు మనసులో "గారు" తీసేసి లెక్కించమనండి. ఏ పెద్దవారూ కోపగించుకోరు.

రెండవది పాలు, నీళ్లు, బియ్యం. పాలు విరిగాయి, నీళ్లు వస్తున్నాయి, బియ్యం అయిపోయాయి అంటాం. మనకు ఇవి బహువచనాలు. మిల్క్, వాటర్, రైస్ ఇంగ్లీషులో ఏకవచనాలు. దీనికి ఎదురుగా, మనం "కత్తెర ఉంది", "ప్యాంటు చిరిగింది" అంటాం. సిజర్స్, ట్రౌజర్స్ మాత్రం బహువచనాలు. "వార్తలు" మనకు బహువచనం, న్యూస్ ఏకవచనం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "మిల్క్ ఆర్" అని రాసిన పిల్లను పరాకు మనిషి అనుకొని కోప్పడే గురువు ఉంటాడు. తమిళంలో పాలను ఏకవచనంగానే అంటారు. కాబట్టి తమిళం మాత్రమే తెలిసిన గురువుకు ఆ తప్పు ఎక్కడి నుంచి పుట్టిందో తెలిసే వీలు లేదు. అది ఆయన దోషం కాదు. తెలుగు తెలిసిన గురువైతే "అమ్మా, మన పాలు బహువచనం, వాళ్ల పాలు ఏకవచనం" అని ఒక్క మాటలో దిద్దుతాడు. తప్పుకు కారణం తెలియనివాడు పిల్లను దండిస్తాడు, తెలిసినవాడు తప్పును సరిచేస్తాడు. తెలుగు పిల్లలున్న బడికి తెలుగు తెలిసిన గురువు కావాలని మనం అడగడంలో ఉన్న న్యాయం ఇదే.

మూడవది "అందరూ". అందరూ వచ్చారు అంటాం గనుక "ఎవ్రీవన్ హ్యావ్ కమ్" అని రాస్తారు. ఎవ్రీవన్, ఈచ్, ఎవ్రీ అన్నప్పుడు "అందరూ" అనుకోక "ప్రతివాడూ" అనుకోమనండి. ప్రతివాడూ వచ్చాడు, కనుక హ్యాజ్.

నాలుగవది "లేదు". ధర పెరగలేదు, ధరలు పెరగలేదు. రెంటికీ ఒకటే తోక. లేదనే చోట తెలుగు క్రియ నోరు మూసుకుంటుంది. అప్పుడు వాక్యాన్ని ముందు ఉన్నట్టుగా మార్చుకోవాలి. ధరలు పెరిగాయి, కనుక హ్యావ్. ఆ తరువాత నాట్ చేర్చుకోవాలి.

ఐదవది క్రియ లేని వాక్యం. "ఆమె డాక్టరు", "పది కిలోమీటర్లు చాలా దూరం" అంటే మనకు వాక్యం పూర్తయింది. ఇంగ్లీషులో అక్కడ క్రియ ఉండి తీరాలి. పది కిలోమీటర్లను ఒకే దూరంగా, వంద రూపాయలను ఒకే మొత్తంగా లెక్కించి ఈజ్ అంటారు. ఇక "ఐదర్–ఆర్", "నైదర్–నార్" జతలలో క్రియ తనకు దగ్గరగా ఉన్న కర్తను బట్టి మారుతుందని పరీక్షల వారి సూత్రం. దీనికి తెలుగులో తోడు లేదు. ఈ ఒక్కదాన్ని బట్టీపట్టమని నిజాయితీగా చెప్పేద్దాం.

మా వృత్తిలో ఒక సౌకర్యం ఉన్నది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను ప్రకారం, సందర్భం అడ్డుపడితే తప్ప, కేంద్ర చట్టాలలో ఏకవచనం బహువచనాన్నీ, బహువచనం ఏకవచనాన్నీ కలుపుకుంటాయి. పరీక్షలు దిద్దేవారు మాత్రం ఈ సెక్షనును ఒప్పుకోరు. అక్కడ జాగ్రత్తగానే ఉండాలి.

ఇంగ్లీషువారు తెలుగును నేర్చిన తీరు

ఇదంతా నేను కనిపెట్టిన కొత్త పద్ధతి కాదు. కుంపిణీ ఉద్యోగులకు తెలుగు అవసరమైనప్పుడు వారు ఏం చేశారు? 1816లో క్యాంబెల్ దొర రాసిన తెలుగు వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. 1840లో బ్రౌను వ్యాకరణం వచ్చింది. ఆ రెండూ తెలుగును ఇంగ్లీషులో వివరించిన పుస్తకాలు. అంటే ఇంగ్లీషువారు మన నుడిని తమ అమ్మనుడి ద్వారా నేర్చుకున్నారు. తెలుగు నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు మానుకోవాలని ఏ దొరా అనుకోలేదు. మనం మాత్రం ఇంగ్లీషు రావాలంటే ముందు తెలుగు పోవాలని నమ్ముతున్నాం.

మన వ్యాకరణమూ తక్కువది కాదు. బాలవ్యాకరణం రాసిన పరవస్తు చిన్నయసూరి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు. మహద్వాచకం, అమహద్వాచకం అని నామవాచకాలను విభజించి, వచ్చాడు–వచ్చింది భేదానికి ఆధారం చూపిన సంప్రదాయం మనది. ఆ బాలవ్యాకరణాన్ని ఈ నేల మీదనే, ఈనాటి తమిళనాడులోనే కూర్చి పెట్టారు. దాని వారసులమైన మనం "మాకు వ్యాకరణం రాదు" అని తల దించుకోవలసిన పని లేదు.

మనం చేయవలసిన పనులు

ఇక చట్టం సంగతి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతున్నది. ఇది దయాధర్మం కాదు, రాజ్యాంగం రాసిచ్చిన మాట. 2006 నాటి రాష్ట్ర చట్టం 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. మొదటి భాగం తమిళం, రెండవది ఇంగ్లీషు, మూడవది ఇతర పాఠ్యాంశాలు. మన తెలుగు నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా నిలిచింది. తమిళం నేర్చుకోవడానికి మనం వ్యతిరేకులం కాము. ఈ నేల నుడి అది, మన ఇరుగుపొరుగు నుడి. దానితో పాటు మన నుడి కూడా బడిలో ఉండాలన్నదే మన కోరిక.

ఐచ్ఛికమన్న మాటను బడివారు "అక్కరలేనిది" అని చదువుతారు. మనమూ అట్లాగే చదివితే వారిని అనవలసిన పని లేదు. అడిగేవారు లేని చోట గురువును వేయరు, గురువు లేని చోట అడిగేవారు మిగలరు. అందుచేత మొదటి మనవి, బడిలో చేర్చేటప్పుడు మాతృభాష తెలుగు అని రాయించండి. నాలుగవ భాగంలో తెలుగు కావాలని రాతపూర్వకంగా అడగండి. అర్జీకి రసీదు తీసుకోండి. నోటిమాటను న్యాయస్థానంలో నిరూపించడం కష్టం. ఆ అర్జీని రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, రుసుము తీసుకోను.

రెండవ మనవి యువతీయువకులకు. తమిళనాడు ఉపాధ్యాయ అర్హత పరీక్ష మొదటి పత్రంలో 150 మార్కులు. అందులో మొదటి భాషకు 30, ఇంగ్లీషుకు 30. ఆ మొదటి భాషగా తెలుగును ఎంచుకునే వీలున్నది. రెండు నుడులూ తెలిసినవారే రేపు మన పిల్లలకు "మన పాలు, వాళ్ల పాలు" తేడా చెప్పగల గురువులు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కూడా తన మల్టీటాస్కింగ్ సిబ్బంది పరీక్షను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషలలో జరపాలని 2023లో నిర్ణయించింది. తెలుగు చదవడం రాయడం వచ్చినవారికే అటువంటి తలుపు అక్కరకు వస్తుంది. ఆ పరీక్షలోనూ ఇంగ్లీషు భాగం ఇంగ్లీషులోనే ఉంటుంది. కాబట్టి మనకు రెండూ కావాలి.

మూడవ మనవి ఇంట్లోని తల్లులకు. మాకు ఇంగ్లీషు రాదు, పిల్లల చదువులో మేమేం సాయం చేస్తామని మీరు అంటారు. మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. పిల్లవాడు ఒక వాక్యం దగ్గర ఆగిపోతే, "దాన్ని మన మాటల్లో చెప్పు నాయనా" అనండి. వాడు చెప్పిన వాక్యం మీ చెవికి సరిగ్గా వినిపించిందా లేదా అన్నది చెప్పండి. మిగిలిన పని వాడు చేసుకుంటాడు.

మా అన్న కూతురు మళ్లీ పరీక్షకు చదువుతున్నది. ఆదివారం సాయంత్రాలు మా వీధిలోని నలుగురైదుగురు పిల్లలు కూడా వచ్చి మా అరుగు మీద కూర్చుంటారు. ఒక్కొక్క ఇంగ్లీషు వాక్యాన్నీ మన యాసలోకి మార్చి, ఉండాది, ఉండాయి అని గట్టిగా అనుకొని, ఆ పైన జవాబు గుర్తు పెడతారు. తప్పులు ఇంకా వస్తున్నాయి. అయితే ఎందుకు తప్పిందో ఇప్పుడు వాళ్లే చెప్పగలుగుతున్నారు. మీలో ఎవరి పిల్లలైనా రావచ్చు. మా ఇల్లు దూరమైతే మీ ఊరి అరుగు మీదనే మొదలుపెట్టండి, నేను వచ్చి కూర్చుంటాను.